నీళ్ళు పోయని బదులు

తొమ్మిదేళ్ళుగా దేవిక మనసులో ఒక అనుమానం ఉంది. దాన్ని ఎవరి ముందూ బయటపెట్టలేదు. పొద్దున దేవుడి పటం ముందు దీపం పెట్టేటప్పుడు మాత్రం అప్పుడప్పుడు అడిగేది. ఆయన ఇలాంటివాటికి జవాబు చెప్పడని ఆమెకు తెలుసు. అయినా అడిగేది.

ఆ రోజు సాయవ్వ తన మడిలో దిగింది బదులుకా, జాలికా?

బదులంటే ఆ ఊళ్ళో చిన్నపిల్లకు కూడా తెలుసు. ఇవాళ నీ పొలంలో నేను నాటేస్తాను, రేపు నా పొలంలో నువ్వు వెయ్యాలి. పైసల మాట ఉండదు, పనికి పనే. దానికొక కట్టుబాటు కూడా ఉంది. పొద్దుగూకి ఒడ్డెక్కాక, మడి గల ఆడమనిషి చెంబుతో నీళ్ళు తెచ్చి, పనిచేసిన మనిషి కాళ్ళ మీద పోయాలి. ఆ నీళ్ళు పడితేనే బదులు లెక్కలోకి వచ్చినట్టు. మళ్ళీ అవతలి మడిలో పనిచేసిన రోజు అక్కడా నీళ్ళు పడితే తీరినట్టు. నీళ్ళు పోయని పని బదులు కాదు. పుణ్యానికి చేసిన పని.

తొమ్మిదేళ్ళ కింద దేవిక భర్త రాజమల్లయ్య సిద్దిపేట దవాఖానలో ఉన్నాడు. ఇంటి దగ్గర నారు ముదిరిపోతోంది, పది గుంటల మడి కరిగెట చేసి, అంటే నీళ్ళు పెట్టి బురదగా దున్ని, అట్లాగే ఉంది. పిలవకుండానే సాయవ్వ వచ్చి మడిలో దిగింది. ఇద్దరూ వంచిన నడుము ఎత్తకుండా పొద్దంతా నాటేశారు, మిగిలింది మర్నాడు దేవిక ఒక్కతే వేసుకోగలిగినంతే. సాయంత్రం దేవిక చెంబు పట్టుకుని బోరు దగ్గరికి పోయి వచ్చేసరికి సాయవ్వ లేదు. ఒడ్డు మీద తడి అడుగులు మాత్రం ఉన్నాయి. బురద కాళ్ళతోనే ఇంటికి పోయింది.

ఆ మడి పండకముందే రాజమల్లయ్య పోయాడు. ఆ మరుసటి ఏడు సాయవ్వకున్న అరెకరం కాలువ తవ్వకంలో పోయింది. ఇక బదులు తీర్చుదామన్నా దిగడానికి ఆమెకు మడి లేదు. ఒకసారి దేవిక కొత్త బియ్యం తీసుకుపోతే, "పనికి బియ్యం ఇస్తరా ఎవరన్న? తీస్కపో" అని గడపలోంచే తిప్పి పంపింది.

పోయిన వారం జరిగిన గొడవలో ఆ అనుమానం మళ్ళీ పైకి తేలింది. పదిహేను మంది ఉన్న నాటు గుంపుకు దేవిక మేస్త్రి. గుత్తకు మాట్లాడుకున్న పని, వచ్చింది అందరికీ సమానంగా పంచుకోవడం పాత పద్ధతి. చేతివేగం ఉన్న ఉషా దానికి అడ్డం తిరిగింది. ఎటూ తేల్చలేక దేవిక తన నోటుబుక్కు తీసింది. సిద్దిపేటలో మహిళా సంఘాలకు శిక్షణ ఇచ్చిన మనస్విని మేడం, పనిని కొలిచి చూసుకోండి, ఎక్కడ ఆగుతోందో తెలుస్తుంది అని చెప్పిన మాట అందులో రాసి ఉంది. ఆ మాట పట్టుకుని దేవిక, ఇక నుంచి ఎవరి మునుం వాళ్ళదే, ఎవరు వేసినంత వాళ్ళకే అని తేల్చేసింది. మునుం అంటే వరుసలో ఒక్కొక్కరి వంతుకు వచ్చే పట్టె. ఆ మాట వినగానే పోశవ్వను ముందు పెట్టుకుని ఐదుగురు గుంపు నుంచి వెళ్ళిపోయారు. మిగిలింది పదిమంది. సుధాకర్ పటేలు మూడెకరాల నాటు వాళ్ళకే ఇచ్చాడు గానీ, మూడు రోజులే గడువు పెట్టాడు. దాటితే ప్రజ్ఞాపూర్ చౌరస్తాలో కిరాయి గదుల్లో ఉంటున్న బయటి రాష్ట్రం ముఠాను పిలుస్తానన్నాడు. ఊళ్ళో పెద్ద కమతం ఆయనది. ఆయన పొలంలో ఆ ముఠా దిగిందంటే మిగతా వాళ్ళూ వాళ్ళనే పిలుస్తారు. దేవిక గుంపు అనేది ఇక ఉండదు.

అది సోమవారం. మూడు రోజుల్లో మొదటి రోజు.

* * *

పొద్దున ఆరున్నరకు మడి మీద ఇంకా మంచు లేవలేదు. కొమురవెల్లి నుంచి తెచ్చుకున్న బండారి పసుపు నుదుట పెట్టుకుని, దేవిక ఈశాన్యం మూలలో మొదటి కుదురు నాటింది. "మల్లన్నా, మందిని కలిపి ఉంచు" అని మనసులో మొక్కుకుంది.

మొక్కిన చేతులతోనే తాళ్ళు కట్టింది.

తాళ్ళు కట్టమని మేడం చెప్పలేదు. అది దేవిక సొంత తెలివి. నీది ఎక్కడిదాకా, నాది ఎక్కడిదాకా అని మధ్యాహ్నం కొట్లాట రాకూడదని, సుతిలి తాళ్ళు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఎనిమిది లాగి, మడిని తొమ్మిది పట్టెలు చేసింది. పదోమనిషి సాయవ్వ. అరవై దాటాయి, మోకాళ్ళు వాచి ఉన్నాయి. ఆమెకు మునుం ఇవ్వలేదు. ఒడ్డు మీద, గుంపుకు నారు మోసే ఇస్తారితో కలిసి నారు కట్టలు అందించమంది.

"నన్ను ఒడ్డెక్కిచ్చినవా పిల్లా?" అంది సాయవ్వ.

"నీ మోకాళ్ళ కోసమే అత్తా."

 సాయవ్వ కొంగు నడుముకు చుట్టి, నారు కట్ట అందుకుంది.

ఇస్తారి నవ్వాడు. "రా వదినా రా. నలభై ఏండ్ల సంది ఒడ్డు మీద ఒక్కన్నే ఉన్న. ఇయ్యాల నాకు తోడు దొరికింది."

"నీకు తోడుండుడు కన్న మడిల జలగలతోటి ఉండుడు నయం," అంది సాయవ్వ. మడిలోంచి ఒకరిద్దరు నవ్వారు. తర్వాత అందరూ వంగారు.

మొదటి గంట పని పరుగు తీసింది. దేవిక ఫోనులో టైము చూసుకుంటూ, ఒడ్డు పొడవునా నడుస్తూ, ఎవరు ఎన్ని అడుగులు వెనక్కి వచ్చారో నోటుబుక్కులో గీతలు పెట్టుకుంది. ఉషా అందరికన్నా ముందుంది. ఇదే సరైన పద్ధతి, ఇన్నేళ్ళు అనవసరంగా భయపడ్డాను అనుకుంది.

రెండో గంటలో ఆమెకొక సంగతి అర్థం కాలేదు. ఎవరూ పాట ఎత్తలేదు. మాటలు కూడా లేవు. చెయ్యి నీళ్ళలో మునిగి లేచే చప్పుడు ఒక్కటే వినబడుతోంది.

మూడో గంటకు పని మందగించింది. ఒకామె నడుము పట్టుకుని లేచి నిలబడింది. పాత పద్ధతిలో అయితే, ఒకరు నడుము ఎత్తగానే అటూ ఇటూ ఉన్న ఇద్దరూ చేతులు చాచి ఆమె పట్టెలో నాలుగు కుదుళ్ళు వేసేవాళ్ళు. దాన్ని చెయ్యిచ్చుడు అంటారు. ఆమె మళ్ళీ వంగేసరికి వరుస సమంగా ఉండేది. ఎవరు ఎవరికి ఎన్నిసార్లు చెయ్యిచ్చారో ఎవరూ లెక్కపెట్టేవాళ్ళు కాదు. ఇప్పుడు అటుపక్క ఉన్నామె తల తిప్పి చూసి, తాడు చూసి, తన పట్టెలోకి వంగింది.

నారు కట్టలతో కూడా అదే తంతు. ఒకరి దగ్గర అయిపోతే పక్కామె దగ్గరిది అందుకోవడం లేదు. "ఇస్తారన్నా, నాకు!" "ఇస్తారన్నా, ఇటు!" అని తొమ్మిది దిక్కుల నుంచి పిలుపులు. ఇస్తారి, సాయవ్వ ఒడ్డు మీద ఆ కొసకూ ఈ కొసకూ తిరిగారు. కట్ట వచ్చేదాకా మడిలో ఉన్నవాళ్ళు ఖాళీ చేతులతో నిలబడ్డారు.

దేవిక నోటుబుక్కులో అన్నీ రాసింది. ఎందుకు జరుగుతోందో మాత్రం ఆ గీతల్లో కనబడలేదు.

* * *

పన్నెండింటికి సుధాకర్ పటేలు కారు రోడ్డు మీద ఆగింది. సిద్దిపేటలో ఆయనకు సిమెంటు దుకాణం ఉంది. చెప్పులు చేతిలో పట్టుకుని గట్టు వెంబడి వచ్చాడు. మడిని చూసి ఆగిపోయాడు.

"ఏందమ్మా దేవికా! మడికి నామాలు పెట్టిన్రా?"

దేవిక అప్పుడు చూసింది. పొద్దటి నుంచీ ఒడ్డు వెంబడి నడుస్తూ మనుషులను చూసింది గానీ, నాటును చూడలేదు. పటేలు నిలబడ్డ ఎత్తు నుంచి మడి అంతా ఒక్కసారి కనబడింది. పచ్చటి పట్టె, తర్వాత జానెడు తెల్లటి నీళ్ళు. మళ్ళీ పట్టె, మళ్ళీ నీళ్ళు. తాడుకు ఇటు ఉన్నామె ఒక వరుస లోపలికే ఆపింది, అటు ఉన్నామె కూడా ఒక వరుస లోపలికే ఆపింది. తాడు కింద జాగ ఎవరిదీ కాదు. అక్కడ ఎవరూ ఒక్క కుదురు వెయ్యలేదు.

"నామాలైతె మూడే ఉంటయ్ పటేలా," అన్నాడు ఇస్తారి. "గివి ఎనిమిది."

"నువ్వాగరాదె." పటేలు నవ్వలేదు.

ఉషా మడిలోంచే అంది, "గాలి తాకాల్నని బాటలు ఇడిసినం పటేలా. ఆఫీసర్లు చెప్తలేరా?"

"ఆఫీసర్లు తూర్పు పడమర ఇడువుమన్నరు. గివి ఉత్తర దక్షిణం ఉన్నయ్. సిమెంటు అమ్ముకుంటుండు గదా, ఎవుసం మర్సిపోయిండు అనుకున్నవా? మా బాపు నన్ను గీ మడిలనే నడిపిచ్చి బడికి తోలిండు." దేవిక వైపు తిరిగాడు. "సగం మడి కూడ కాలేదు, అయినకాడ గిట్ల. పొద్దుగూకేదాంక గీ సందులు నిండాలె, ఎకరం దిగాలె. లేకుంటె రేపు పొద్దున ప్రజ్ఞాపూర్ మంది వస్తరు. ఫోన్ చేసి పెట్టిన. తప్పు వట్టకు బిడ్డా, నాకు మీ మీద కోపం లేదు. నారు ముదిరితె నాకెవరిస్తరు?"

పటేలు కారు వెళ్ళిపోయింది.

"సందులు నింపాలె," అంది దేవిక. "ఎవరు దిగుతరు?"

"ఎవరి సందు?" అంది ఉషా. "నా మునుం నేను ఏసిన. తాడు అవతల నాది గాదు."

"నాది కూడ గాదు," అంది పక్కామె.

"గట్లంటె ఎట్ల ఉషా?"

"ఎట్లంటె? తాడు నువ్వే గట్టినవ్ గదక్కా!" ఉషా గొంతులో కోపం కంటే అలసట ఎక్కువ ఉంది. "సందులు నింపితె నీ నోటుబుక్కుల ఎక్కుతదా? ఎక్కదు. రెండు చేతులతోటి ఎనిమిదేండ్లు అందరికి చెయ్యిచ్చిన. అడిగితె నాకు తిక్క లేసిందన్నరు. నేను తాళ్ళు గట్టుమన్ననా? నా కష్టం కనవడాల్నన్న. గంతే."

దేవిక తాళ్ళ వైపు చూసింది. ఉషా అడిగింది న్యాయమే. తను ఇచ్చిన జవాబులోనే ఏదో తప్పిపోయింది.

"బువ్వ తిన్నంక మాట్లాడుదాం," అంది.

* * *

తొమ్మిది మంది ఒడ్డు మీద రెండు మూడు గుంపులుగా కూర్చుని టిఫిన్లు తెరిచారు. దేవిక తన టిఫిన్ పట్టుకుని నిలబడింది.

మేస్త్రి అయిన ఈ ఐదేళ్ళలో ఆమె తెలుసుకున్నది ఇదొక్కటే. మునుంలు పంచే మనిషి పక్కన ఎవరూ కూర్చోరు. ఆమె దగ్గరికి వస్తే మాటలు ఆగిపోతాయి, నవ్వులు సర్దుకుంటాయి, 'దా అక్కా' అని జాగ ఇస్తారు. ఆ ఇచ్చిన జాగలో కూర్చుంటే ఇంకా ఒంటరిగా ఉంటుంది. కూతురిని దౌల్తాబాద్‌కు ఇచ్చింది, పది గుంటలు కౌలుకిచ్చింది. ఏడాదికి రెండుసార్లు వచ్చే ఈ నాట్ల రోజులే ఆమెకు మిగిలినవి. ఆ రోజుల్లో పొద్దున్నే గడప ముందు నిలబడి 'దేవికక్కా' అని ఎవరో ఒకరు పిలుస్తారు. మిగతా రోజుల్లో ఆ ఇంట్లో ఆమె పేరు పలికేవాళ్ళు లేరు. గుంపు పోతే ఆ పిలుపు కూడా పోతుంది.

సాయవ్వ దూరంగా, ఉత్తరపు ఒడ్డు కొసకు, కాళ్ళు చాపుకుని కూర్చుంది. దేవిక వెళ్ళి పక్కన కూర్చుంది. సాయవ్వ జరగలేదు, జాగ ఇవ్వలేదు, మాట ఆపలేదు. ఆమెకు ఆపడానికి మాటే లేదు.

కాసేపు ఇద్దరూ తిన్నారు.

"అత్తా, ఒకటి అడగాలె."

"మామిడికాయ తొక్కా? అయిపోయింది."

"తొక్కు గాదు." దేవిక చేతిలో ముద్ద పట్టుకునే ఉంది. "నా మొగడు దవాఖానల ఉన్నప్పుడు నా మడిల దిగినవ్ గదా. నీళ్ళు దెచ్చెటాలకు లేకపోతివి. గది బదులా, జాలా?"

సాయవ్వ ఆమె వైపు తిరిగి చూసింది. "తొమ్మిదేండ్లయింది. గిప్పుడు అడుగుతున్నవా?"

"భయమైంది."

"దేనికి?"

"జాలి అంటవేమో అని."

సాయవ్వ మూతి తుడుచుకుంది. "జాలయితె నీ ఇంటి ముంగట గూసోని రెండు కండ్లనీళ్ళు పెట్టి పోదును. పొద్దంత నడుము ఇరగ్గొట్టుకుందునా? బదులుకే వచ్చిన."

"మరి నీళ్ళకు ఎందుకాగలే?"

 ముసలామె దూరంగా కాలువ గట్టు వైపు చూసింది. ఆ గట్టు కిందే ఎక్కడో ఆమె అరెకరం ఉండేది.

"నీళ్ళు పడితె లెక్కకొస్తది. లెక్కకొస్తె నువ్వు ఆ వారమే వచ్చి తీర్చి పోతువు. నీ గుణం నాకు తెల్వదా? తీరినంక నువ్వెవరో నేనెవరో." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "నాకు పిల్లల్లేరు, నా మనిషి ఎప్పుడో పోయిండు. ఊళ్ళె ఒక్క మనిషన్న నాకు బాకీ ఉన్నదనుకుంటె, నేను ఒక్కదాన్ని గాదు అనిపిస్తది బిడ్డా. అందుకే ఆగలే."

దేవిక చేతిలో ముద్ద చల్లారిపోయింది. తొమ్మిదేళ్ళు తను బరువనుకుని మోసినదాన్ని, ఈమె తోడనుకుని దాచుకుంది. ఇద్దరూ ఒకే వాడలో, నాలుగిళ్ళ దూరంలో, ఒక్కొక్కరుగా పండుకుని లేచారు. దేవుడు మనుషులను ఒక్కొక్కరిగా చేశాడా, వరుసగా చేశాడా? ఆ ప్రశ్న ఎటునుంచి వచ్చిందో ఆమెకు తెలియలేదు.

"ఇయ్యాల తీరుస్తవా?" అంది సాయవ్వ ఉన్నట్టుండి.

"ఏడ తీర్చాలె? నీకు మడి లేకపాయె."

సాయవ్వ గడ్డం ఎత్తి మడి వైపు చూపించింది. ఎండకు ఎనిమిది నీటి గీతలు మెరుస్తున్నాయి. "గా సందులకు ఎవ్వలు లేరు గదా. ఉషాది గాదట, పక్కదానిది గాదట. ఎవ్వరివి గానియ్ నావి అనుకో. గదే నా పొలం. దిగు."

 ఎందుకు ఇవాళే అడుగుతున్నావని దేవికకు అడగాలనిపించింది. "పొద్దు పోతుంది," అని సాయవ్వ టిఫిన్ మూత బిగించింది. "ఎందుకో పొద్దుగూకినంక చెప్త."

* * *

దేవిక ఫోను, నోటుబుక్కు తెచ్చి సాయవ్వ ఒళ్ళో పెట్టింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపి మడిలో దిగింది. ఐదేళ్ళయింది. బురద మోకాలి కిందికి పట్టుకుని లాగింది. మొదటి తాడు దగ్గరికి పోయి, కొడవలితో ఆ కొసన కోసింది. తాడు నీళ్ళ మీద వదులుగా తేలింది. దాన్ని చుట్టుకుంటూ ఈ కొసకు వచ్చింది. అట్లా ఎనిమిదీ తీసి, చుట్టను ఒడ్డు మీదికి విసిరింది.

తొమ్మిది మందీ టిఫిన్లు సర్దడం ఆపి చూస్తున్నారు.

"సందులు నావి," అంది దేవిక. "నోటుబుక్కుల ఎక్కయ్. నేను నింపుత. మీరు మిగిలిన మడి ఏసుకుంట పోరి. తాళ్ళుండయ్. పైసల సంగతి బుధారం నాడు నాటయినంక అందరం గూసోని మాట్లాడుదాం. ఉషా అన్నదాన్ల న్యాయం ఉన్నది. దానికి ఏదన్న దారి తియ్యాలె. నేనొక్కదాన్ని గూసోని తీసిన దారి గిట్లయింది."

 మెల్లగా ఒక్కొక్కరే దిగారు.

రెండు పట్టెల మధ్య జానెడు జాగలో, వేసిన నాటు తొక్కకుండా వెనక్కి నడవడం తేలిక కాదు. ఒక అడుగు పెట్టి, ఆ అడుగు వెనకే రెండో అడుగు పెట్టాలి. మొదటి సందు సగం కాకముందే దేవిక నడుము మాట వినడం మానేసింది.

ఒడ్డు మీది నుంచి సాయవ్వ మొదలుపెట్టింది. "వంకర పోతున్నది మేస్త్రీ! నా పొలంల వంకర నాటేస్తవా?"

"ఏడ వంకర?"

"నీ నడుములనే ఉన్నది వంకర. కుదురుకు రెండు కర్రలు వెట్టు. గంత గంత వెడితె నారు మీ అత్తగారిచ్చిందా?"

ఇస్తారి నారు కట్ట విసురుతూ అందుకున్నాడు. "పటేలు కన్న ఈ పొలం గలామె కర్కోటకురాలు."

ఎవరో పకాలున నవ్వారు. ఆ నవ్వుకు పక్కామె నవ్వింది. ఎనిమిది మంది నవ్వాక ఉషా కూడా నవ్వాపుకోలేకపోయింది.

మూడో సందు చివర, మంది నాటేస్తున్న చోటికి చేరాక, దేవిక నడుము పట్టేసి లేచి నిలబడింది. కళ్ళు మూసుకుని రెండు ఊపిర్లు తీసుకుంది. కళ్ళు తెరిచేసరికి ఆమె ముందు నాలుగు కుదుళ్ళు వేసి ఉన్నాయి. ఎడమ పక్క వరుసలో ఉషా వంగి ఉంది, తల ఎత్తలేదు. ఆమె చెయ్యి మాత్రం ఇంకా ఇటు చాచి ఉంది.

"గిది నీది గాదు గదా," అంది దేవిక.

"మాట్లాడకు అక్కా. నడుము వంచు."

నాలుగింటికి ఎవరో పాట ఎత్తారు. ఐదింటికి కట్టల కోసం కేకలు ఆగిపోయాయి. ఎవరి దగ్గర అయిపోతే పక్కామె దగ్గరిది అందుకుంటున్నారు. చివరి రెండు సందులూ దేవికవి కాకుండా పోయాయి. ఆమె ఆరోది పూర్తిచేసి తిరిగి చూసేసరికి, అటు నుంచి ఇద్దరు, ఇటు నుంచి ఇద్దరు వాటిని నింపేసి మిగిలిన మడిలోకి జరిగిపోయారు.

పొద్దు కిందికి దిగేసరికి దక్షిణపు ఒడ్డు వెంబడి నాలుగు మూరల జాగ తప్ప ఎకరం అంతా పచ్చగా ఉంది. ఆ నాలుగు మూరలు కూడా అందరూ ఒక్కసారి వంగితే ఒక పాట అంతసేపు పట్టలేదు. ఇస్తారి ఫోనులో ఫొటో తీసి పటేలుకు పంపాడు. జవాబు వెంటనే వచ్చింది. 'ప్రజ్ఞాపూర్ వాళ్ళను రేపు వద్దన్న. ఎల్లుండి సంగతి రేపటి పని చూసి చెప్త.'

* * *

ఆడవాళ్ళు బోరు దగ్గర కాళ్ళు కడుక్కుని, ఊరి బాట పట్టారు. దేవిక ఒడ్డెక్కి నిలబడింది. సాయవ్వ చెంబు నిండా నీళ్ళు పట్టుకుని వచ్చింది.

"ఆగత్తా," అంది దేవిక. "ముందుగాల నాది."

చెంబు ఆమె చేతిలోంచి తీసుకుంది. సాయవ్వ పొద్దంతా ఒడ్ల మీద తిరిగిన కాళ్ళు ముందుకు పెట్టింది. మోకాళ్ళు వాచి నున్నగా ఉన్నాయి, వేళ్ళ సందులు బురద నీళ్ళకు ఒరిసి తెల్లబడ్డాయి. దేవిక వంగి, తొమ్మిదేళ్ళ కింద పోయాల్సిన నీళ్ళు మెల్లగా పోసింది. అరచేత్తో మడమలు రుద్దింది. సాయవ్వ కదలకుండా నిలబడి ఆకాశం వైపు చూసింది.

ఇప్పుడు బదులు లెక్కకు వచ్చింది.

సాయవ్వ చెంబు మళ్ళీ నింపుకొచ్చింది. కానీ పొయ్యలేదు. చెంబు రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

"ఎందుకో చెప్తనన్న గదా," అంది. "నిన్న పొద్దుగాల పోశవ్వ నా ఇంటికి వచ్చింది. ఆళ్ళు ఐదుగురు, చిన్నకోడూరు దిక్కు ఇంకో ఐదుగురిని చూసుకున్నరట. వరుస చూసే మనిషి లేదట. నువ్వు మునుం పట్టకున్న మంచిదే, ఒడ్డు మీద నిలవడి చూసుకో, నీ వంతు నీకిస్తం అన్నది. రేపటి సంది రమ్మన్నది."

దేవిక తల ఎత్తి చూసింది. "ఏమన్నవ్?"

"ఏమనలే. నువ్వు బాకీ ఉన్నవ్ గదా. బాకీ ఉన్న మనిషికి ఎదురు గుంపుల ఎట్ల నిలవడుదు? అట్లని నీ దగ్గరుంటె, బాకీ కోసం ఉన్నట్టయితది. గందుకే ఇయ్యాల అడిగిన." చెంబు కొంచెం ముందుకు చాపింది. "గీ నీళ్ళు పోసినంక నాకు నువ్వు ఏం గావు, నీకు నేను ఏం గాను. ఏ దిక్కు పోవాల్నో అప్పుడు నేను తేల్చుకుంట. పొయ్యాల్నా? వద్దంటె పొయ్య. బాకీ గట్లనే ఉంటది."

రోడ్డు మీద ఒక ఆటో వచ్చి ఆగింది. లోపల పోశవ్వ ఎర్ర కొంగు కనబడుతోంది.

వద్దు అంటే చాలు. ఒక్క మాట. సాయవ్వ రేపు కూడా ఈ ఒడ్డు మీదే ఉంటుంది, మధ్యాహ్నం ఆమె పక్కన కూర్చుని తినవచ్చు. దేవిక ఆ మాట అనబోయింది. ఒడ్డు మీద ఆమె విసిరిన సుతిలి తాళ్ళ చుట్ట పడి ఉంది. దాని మీద ఆమె చూపు నిలిచింది.

చీర అంచు కొంచెం పైకెత్తి, బురద కాళ్ళు రెండూ ముందుకు పెట్టింది.

"పొయ్యి అత్తా."

సాయవ్వ పోసింది. బోరు నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. బురద మెల్లగా విడిపోయి, గడ్డిలోంచి జారి, మడిలో కలిసింది. చెంబు ఖాళీ అయింది.

"తీరింది బిడ్డా," అంది సాయవ్వ. చెంబును ఒడ్డు మీద బోర్లించి, టిఫిన్ చంకలో పెట్టుకుని, రోడ్డు వైపు నడిచింది. ఒడ్డు చివర బాట రెండుగా చీలుతుంది. ఎడమకు పోతే ఊరు, కుడికి పోతే ఆటో. సాయవ్వ నీడ ఆ చీలిక దగ్గర ఆగింది.

వెనక్కి పిలిచే హక్కు దేవికకు ఇప్పుడు లేదు. ఎటు పక్కకు అడుగేసినా మళ్ళీ బురదే. కడిగిన కాళ్ళతో ఆమె అక్కడే నిలబడి చూసింది.